చేత్తో చెక్కిన రైఫిల్ స్టాక్‌కు ఏ పూత? నూనెనా, వార్నిషా?

చిత్రికపట్టు:
అందరికీ నమస్కారం. ఎనిమిది నెలలుగా సెలవు రోజుల్లో చెక్కుతున్న వాల్‌నట్ స్టాక్ (రైఫిల్ ఇనుప భాగాలు కూర్చునే చెక్క భాగం) మొత్తానికి ఒక ఆకారానికి వచ్చింది. పాయింట్ 22 బోల్ట్ యాక్షన్ (చేత్తో గడియ లాగి గుండు ఎక్కించే) టార్గెట్ రైఫిల్ కోసం. ఆకురాయి గీతలు పోయేదాకా 150 నంబరు ఉప్పుకాగితం పట్టాను. పూత దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడటం లేదు. బల్ల మీద ఒక సీసాలో అవిసె నూనె, ఒక డబ్బాలో పాలీయురేథేన్ వార్నిష్ ఉన్నాయి. రెంటినీ మార్చి మార్చి చూస్తూ వారం గడిపేశాను.

నాకు కావలసినవి ఇవి. పట్టుకుంటే చెక్కను పట్టుకున్నట్టే ఉండాలి. చెంప ఆనే చోట చెమటకు తెల్లమచ్చలు రాకూడదు. వానాకాలంలో వంకర పోకూడదు. అద్దంలా మెరిస్తే మరీ సంతోషం. చెక్కడం కొంత వచ్చింది కానీ పూతల్లో నాకు ఓనమాలు కూడా రావు.

పాతరంపం:
చెక్కలా ఉండాలి, అద్దంలా మెరవాలి అని ఒకే నోట అడిగారు. అద్దంలా మెరవాలంటే చెక్క రంధ్రాలన్నీ నిండి, ఆ పైన ఒక పొర నిలవాలి. అది నిలిచాక మీ చేతికి తగిలేది ఆ పొరే. కాబట్టి ముందు ఏది కావాలో తేల్చుకోండి. నా ఓటు నూనెకు.

అయినా 150తో ఆపి పూత గురించి అడగటం తొందరపాటు. తడిగుడ్డతో స్టాక్ మొత్తం ఒకసారి తుడిచి, హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టండి. రెండు రోజులు గీయని గడ్డంలా నూగు లేస్తుంది. దాన్ని ఇంకా సన్నదైన 220 నంబరు కొత్త కాగితంతో, పోగు వెంట, అంటే చెక్క నారలు సాగే దిశలో, ఒత్తకుండా కొయ్యండి. అరిగిన కాగితం నూగును కొయ్యదు, తిరిగి పడుకోబెడుతుంది. మళ్ళీ తడపండి, మళ్ళీ కొయ్యండి. నూగు లేవడం ఆగేదాకా ఇదే పని. మామూలుగా రెండు మూడు సార్లకు ఆగుతుంది. దీన్ని ఎగ్గొడితే తొలి తడికే పూత కింద నూగు లేచి, స్టాక్ పిల్లి నాలుకలా తయారవుతుంది.

గురిచూపు:
నేను పోటీల్లో కాల్చే మనిషిని, చెక్క పనివాడిని కాను. నాకు పాలీయురేథేన్ చాలు. పల్చగా మూడు పూతలు వేసి ఆరు సంవత్సరాలైంది. తుడవడం తప్ప ఇంకేమీ చేయలేదు. నూనె వేసినవాళ్ళు ప్రతి సీజన్‌కు ముందు స్టాక్ ఒళ్ళో పెట్టుకుని మర్దన చేస్తూ కూర్చుంటారు. వాళ్ళకు అది సరదా కావచ్చు, నాకు ఆ తీరిక లేదు.

పాతరంపం:
గురిచూపు గారూ, ఆ పొర మీద ఒక లోతైన గీత పడనివ్వండి, అప్పుడు మాట్లాడుకుందాం. నా స్టాక్ మీద గీత పడితే వేలితో రెండు చుక్కల నూనె రుద్దితే సరిపోతుంది. మీరు గీసిన చోట మాత్రమే పూత వేస్తే అంచు కనబడుతుంది. మొత్తం గీకి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే.

గురిచూపు:
ఒప్పుకుంటాను. కానీ ఆరేళ్ళలో పడలేదు.

తడిలెక్క:
పైకి ఏమి వెయ్యాలని మీరిద్దరూ వాదించుకుంటున్నారు. నేను లోపల ఏమి వెయ్యాలని అడుగుతున్నాను. చిత్రికపట్టు గారూ, బారెల్ (తుపాకీ గొట్టం) కూర్చునే గాడి, యాక్షన్ (గుండు ఎక్కించి పేల్చే ఇనుప భాగం) దిగే గుంట, స్క్రూ రంధ్రాలు, బట్ ప్లేట్ (భుజానికి ఆనే పలక) వెనక ముఖం, వీటి సంగతి ఏమిటి? "పైన పటారం, లోన లొటారం" అన్న సామెత రైఫిల్ స్టాకులను చూసే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు.

కొంచెం లెక్క చెబుతాను. మామూలు గది వేడిలో గాలి తేమ 30 శాతం ఉంటే చెక్కలో తేమ సుమారు 6 శాతం దగ్గర నిలబడుతుంది. గాలి తేమ 80 శాతానికి చేరి అక్కడే ఉంటే చెక్కలో 16 శాతానికి పోతుంది. నల్ల వాల్‌నట్ పచ్చిగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా ఎండేసరికి చెట్టు వయసు వలయాల వెంట 7.8 శాతం, వలయాలకు అడ్డంగా 5.5 శాతం కుంచించుకుపోతుంది. ఈ కొలతలు పట్టుకుని చూస్తే, 40 మిల్లీమీటర్ల వెడల్పున్న ముందు భాగం ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య దాదాపు ఒక మిల్లీమీటరు మారగలదు. అన్ని వైపులా సమానంగా మారితే గొడవ లేదు. మీరు బయట పూత వేసి లోపలి గాడిని వదిలేస్తే ఒక వైపు తాగుతుంది, రెండో వైపు తాగదు. అప్పుడు స్టాక్ వంగి బారెల్‌ను ఒక పక్క నెడుతుంది. నిన్నటిదాకా నడిమధ్యన పడ్డ గుళ్ళు ఇవాళ పక్కకు పడతాయి. ఆ పాపం కళ్ళద్దాల మీదకో, గుళ్ళ మీదకో తోస్తారు.

చెక్క నీటిని అన్నిటికంటే వేగంగా తాగేది పోగు మొనల దగ్గర. కట్టెను అడ్డంగా కోస్తే కనబడే ముఖం అది. చిన్న చిన్న గొట్టాల కట్ట అనుకోండి. బట్ ప్లేట్ కింద ఉన్నది సరిగ్గా అదే, అక్కడే ఎవరూ పూత వెయ్యరు.

ఇక అవిసె నూనె గురించి ఒక చేదు నిజం. అమెరికాలో మ్యాడిసన్ ఊరిలోని ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లేబొరేటరీ వాళ్ళు చెక్కలోకి తేమ పోకుండా ఏ పూత ఎంత ఆపుతుందో వరసగా పరీక్షించారు. కరిగించిన పారఫిన్ మైనంలో ముంచిన చెక్క పై వరసలో, రెండు భాగాలు కలిపే ఎపాక్సీ దాని వెనకనే నిలిచాయి. ఉత్త అవిసె నూనె దాదాపు అట్టడుగున ఉంది. నీటి చుక్క పైన పూసలా నిలబడితే తడి ఆగిందనుకుంటాం. చెక్కను వంచేది గాలిలో ఉన్న ఆవిరి, అది నూనెలోంచి దర్జాగా నడిచి పోతుంది.

పాతరంపం:
బ్రిటిష్ సైన్యం లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళ స్టాకులను అవిసె నూనెలో ముంచి రెండు ప్రపంచ యుద్ధాలు నడిపారు. అవి వంగిపోయాయా?

పాతఇనుము:
కొన్ని వంగాయి. పాత సైనిక స్టాకులు బాగుచేయడమే నా వ్యాపకం కాబట్టి చెబుతున్నాను. బారెల్‌ను ఒక పక్కకు ఒత్తుతున్నవి నా బల్ల మీదికి చాలానే వచ్చాయి. సైన్యానికి కావలసింది చవకగా, త్వరగా, ఏ సిపాయి అయినా గుడ్డతో మళ్ళీ రాసుకోగలిగే పూత. వాళ్ళ లెక్క వేరు, టార్గెట్ రైఫిల్ లెక్క వేరు. సోవియట్ వాళ్ళ మోసిన్ రైఫిళ్ళకు యుద్ధం తర్వాత మరమ్మతుల్లో లక్క పూశారు. ఎర్రగా, మెరుస్తూ, పండగ బొమ్మలా ఉంటాయి. గోరు తగిలితే పెచ్చు లేస్తుంది.

లక్కముద్ద:
లక్కను ఊరికే ఆడిపోసుకోకండి! పై పూతగా స్టాక్‌కు పనికిరాదు, ఒప్పుకుంటాను. స్పిరిట్ తగిలితే కరుగుతుంది, తడి నిలిస్తే తెల్లబడుతుంది, వేడికి మెత్తబడుతుంది. కానీ అడుగు పూతగా దాన్ని మించింది లేదు. తేమ ఆవిరిని నూనెకంటే చాలా బాగా ఆపుతుంది. పైగా దాదాపు ఏ పూత మీదైనా అది పడుతుంది, దాని మీద ఏ పూతైనా పడుతుంది. మైనం తీసిన లక్క మాత్రమే తీసుకోండి. మైనం ఉన్నది వేస్తే పైన పాలీయురేథేన్ సరిగా అతుక్కోదు.

రోజ్‌వుడ్, ఇరుగుడు జాతి కర్రతో స్టాక్ చేసేవాళ్ళకు ఇది మరీ అవసరం. ఆ కర్రలోని సహజ పదార్థాలు నూనె ఎండటాన్ని అడ్డుకుంటాయి. నేను ఒకసారి నేరుగా నూనె పూసి మూడు వారాలు ఎదురుచూశాను. ముట్టుకుంటే వేలిముద్ర పడుతూనే ఉంది. చివరికి అంతా స్పిరిట్‌తో కడిగి, పల్చటి లక్క ఒక పూత వేసి, ఆ పైన నూనె రాస్తే మర్నాటికి ఎండింది.

చిత్రికపట్టు:
ఇన్ని సంగతులు ఉంటాయని తెలియదు. ఒక చిన్న అనుమానం. నా సీసా మీద "కాచిన అవిసె నూనె" అని ఉంది. ఇంట్లో ఉన్న పచ్చి నూనెను పొయ్యి మీద కాచుకుంటే సరిపోయేదా?

తడిలెక్క:
వద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వేడి నూనె అంటుకుంటే ఆర్పడం మీ వల్ల కాదు. ఈ రోజుల్లో "కాచిన" అన్నది పేరుకే. కోబాల్ట్, మాంగనీస్ లాంటి లోహాల లవణాలు కొద్దిగా కలుపుతారు, అవి ఎండటాన్ని తొందరపెడతాయి. పచ్చి నూనె పల్చగా రాసినా ఎండటానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. కాచినది ఒకటి రెండు రోజుల్లో ఆరుతుంది. నీరు ఆరినట్టు ఇది ఆవిరైపోదు. గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడుతుంది. అందుకే ఎండుతున్న కొద్దీ బరువు తగ్గకపోగా కొంచెం పెరుగుతుంది కూడా.

పాతఇనుము:
ఆ ఆక్సిజన్ మాట వచ్చింది కాబట్టి నా కథ చెప్పాల్సిందే. ఒక రాత్రి నూనె రాసిన పాత బనియన్ ముక్కలను ఉండచుట్టి ప్లాస్టిక్ చెత్తబుట్టలో పడేసి పడుకున్నాను. తెల్లవారుజామున వెల్లుల్లి మాడినట్టు, ఇంకా చెప్పాలంటే కొత్త రంగు కాలినట్టు ఒక వాసన. లేచి చూస్తే బుట్ట అడుగు మైనంలా కరిగి నేలకు అంటుకుపోయి ఉంది. లోపల గుడ్డ నల్లగా, అంచుల్లో ఎర్రగా. మంట లేదు, ఇంకో అరగంట ఆలస్యమైతే ఏమయ్యేదో. ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు. నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. పరచిన గుడ్డ నుంచి ఆ వేడి గాలిలోకి పోతుంది, ఉండచుట్టిన గుడ్డలో మధ్యన చిక్కుకుని తానే పెరుగుతుంది.

ఇప్పుడు నూనె గుడ్డలన్నీ ఆరుబయట తీగ మీద ఒక్కొక్కటిగా విప్పి ఆరేస్తాను. అట్టలా గట్టిపడ్డాకే పారేస్తాను. తొందరగా ఉంటే మూత ఉన్న రేకు డబ్బాలో నీళ్ళు పోసి అందులో ముంచుతాను. మీరు నూనె రాసినా, వార్నిష్ రాసినా, టంగ్ నూనె (టంగ్ చెట్టు గింజల నూనె) రాసినా ఇదే పద్ధతి.

నూనెచుక్క:
ఇది చదివి ఇప్పుడే వెళ్ళి నా చెత్తబుట్ట ఖాళీ చేసి వచ్చాను. ధన్యవాదాలు పాతఇనుము గారూ. టంగ్ నూనె అవిసె కంటే మంచిదా?

పాతరంపం:
నీటికి బాగా ఆగుతుంది, అవిసె అంత పసుపు తిరగదు. కానీ స్వచ్ఛమైన టంగ్ నూనెను కొంచెం మందంగా రాసినా ముడతలు పడి, మంచు పట్టినట్టు మసకబారుతుంది. అంగడిలో టంగ్ పేరుతో దొరికే వాటిలో చాలావరకు వార్నిష్, థిన్నర్ కలిసి ఉంటాయి. అది చెడ్డదని కాదు, ఏమి కొంటున్నారో చూసుకోండి.

బర్చ్‌వుడ్ కేసీ వాళ్ళ ట్రూ ఆయిల్ సంగతీ అంతే. పేరు నూనె, గుణం నూనెకూ వార్నిష్‌కూ మధ్యన. గంటల్లో ఎండుతుంది, వేలితో చుక్క చుక్కగా రుద్దవచ్చు, కావాలంటే ఎనిమిది పూతలు వేసి అద్దంలా కూడా తేవచ్చు. సీసా తెరిచాక లోపల మీగడ కడుతుంది, అదొక్కటే బాధ. మూత బిగించి తలకిందులుగా నిలబెట్టుకోండి. మీగడ అడుగుకు చేరుతుంది.

నిర్వాహకులు:
కొత్తగా వచ్చినవారికి మనవి. ఇక్కడ చెక్క గురించి, పూత గురించి మాత్రమే. ట్రిగ్గర్, యాక్షన్ మార్పుల ప్రశ్నలు తొలగించాము. పూత పని మొదలుపెట్టే ముందు రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని, ఇనుప భాగాలన్నీ విప్పి పక్కన పెట్టండి.

చిత్రికపట్టు:
పది రోజుల తర్వాత వస్తున్నాను. ఎవరి మాట వినాలో తేలక, స్టాక్ చెక్కిన దుంగలోనే మిగిలిన ముక్కలు నాలుగు తీసుకుని నాలుగు రకాలుగా పూశాను. ఒకటి కాచిన అవిసె నూనె, ఒకటి పాలీయురేథేన్, ఒకటి అడుగున లక్క పైన నూనె, ఇంకొకటి పాతరంపం గారి ట్రూ ఆయిల్. ఒక్కో దాని మీద తడి గ్లాసు రాత్రంతా ఉంచాను, తాళంచెవితో గీశాను, చెమట చేతితో పట్టుకుని టీవీ చూశాను.

లక్క మీద నూనె వేసిన ముక్కకు గ్లాసు అడుగున తెల్లటి వలయం పడింది. ఉత్త నూనె ముక్క చేతికి అన్నిటికంటే హాయిగా ఉంది కానీ గ్లాసు కింద నూగు లేచింది. పాలీయురేథేన్‌కు ఏమీ కాలేదు, కానీ చెమట చేతికి జారుతోంది. ట్రూ ఆయిల్ నాలుగు పూతల తర్వాత తడికి నిలిచింది, గీత పడింది, ఇంకో చుక్క రుద్దితే కనబడకుండా పోయింది. దాంతో బయటికి ట్రూ ఆయిల్, లోపలికి పల్చటి ఎపాక్సీ అని తేల్చుకున్నాను.

ఇప్పుడు రంధ్రాలు నింపడం దగ్గర చిక్కు పడ్డాను. నాలుగు పూతలు వేసినా పక్క నుంచి దీపం పెట్టి చూస్తే సూది గుచ్చినట్టు గుంటలు కనబడుతున్నాయి.

పాతరంపం:
ముక్కల మీద పరీక్ష చెయ్యమని నేను చెప్పాల్సింది, మీరే చేశారు. భేష్.

వాల్‌నట్ రంధ్రాలు పెద్దవి. పూతతో నింపాలని చూస్తే ఇరవై పూతలైనా చాలవు, ఆరిన ప్రతిసారీ లోపలికి కుంగుతుంది. చెక్క పొడితోనే నింపాలి. 320 నంబరు తడి కాగితాన్ని నూనెలో ముంచి, అరచేయంత మేర చిన్న సుళ్ళు తిప్పుతూ రుద్దండి. కాసేపటికి చాక్లెట్ రంగు బురద పుడుతుంది. దాన్ని తుడిచెయ్యకండి, అదే మీ మందు. అరచేత్తో రంధ్రాల్లోకి అదిమి, జిగురు పట్టేదాకా ఆగి, పైన మిగిలినదాన్ని గట్టి గోనె గుడ్డతో పోగుకు అడ్డంగా తుడవండి. పోగు వెంట తుడిస్తే రంధ్రాల్లోది కూడా లేచి వస్తుంది. ఒకటి రెండు రోజులు ఎండనిచ్చి మళ్ళీ చెయ్యండి. మూడు నాలుగు విడతల్లో నిండుతుంది. ఆఖరి విడత 400తో.

బురద పెట్టేటప్పుడు స్టాక్ మొత్తం ఒకేసారి పట్టుకోవద్దు. నేను తొలిసారి అలా చేసి, ఒక చివర తుడిచేలోపు రెండో చివర రాయిలా బిగిసింది. దాన్ని గీకడానికి ఒక ఆదివారం పోయింది.

లక్కముద్ద:
ఇంకో జాగ్రత్త. నూనె పూతల మధ్య ఇనుప పీచు వాడితే వాడండి, కానీ పూత లేని చెక్క మీద మాత్రం వద్దు. పీచు తునకలు రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. తడి తగిలితే వాల్‌నట్‌లోని టానిన్‌తో కలిసి సిరాచుక్కల్లాంటి నల్లమచ్చలు వేస్తాయి. పాత్రలు తోమే ప్లాస్టిక్ పీచు మేలు.

గురిచూపు:
పట్టు దగ్గర చెయ్యి జారకుండా గళ్ళు చెక్కుతున్నారా?

చిత్రికపట్టు:
చెక్కాలనే ఉంది. పూతకు ముందా, తర్వాతా?

పాతఇనుము:
తర్వాత. పూత గట్టిపడ్డ చెక్క మీద గళ్ళు శుభ్రంగా తెగుతాయి, పెచ్చులు లేవవు. చెక్కాక ఆ గళ్ళకు పల్చన చేసిన నూనె ఒక్క పూత, పళ్ళు తోమే బ్రష్షుతో అద్ది, వెంటనే ఎండు బ్రష్షుతో లాగెయ్యండి. ముందు గళ్ళు చెక్కి తర్వాత పూతలు వేసినవి బాగుచేయడానికి నా దగ్గరికి వస్తుంటాయి. గళ్ళల్లో పాకం పోసినట్టు ఉంటుంది.

చిత్రికపట్టు:
ఆరు వారాలైంది. పూత పూర్తయింది. మొత్తం ఏడు పూతలు, చివరి రెండూ నాలుగైదు చుక్కలకు మించకుండా. ఆ తర్వాత మెత్తటి ఫెల్ట్ ముక్క మీద నూనె, రాటన్‌స్టోన్ (మెరుగు పెట్టే మెత్తటి రాతి) పొడి వేసి మెరుపును కాస్త తగ్గించాను. అద్దం మోజు తీరిపోయింది, ఇప్పుడు కోడిగుడ్డు పెంకు మీద ఉండే మెరుపు ఉంది. రంధ్రాల్లో ముక్కు పెట్టి వాసన చూస్తే ఇంకా సన్నగా నూనె వాసన వస్తోంది. ఇది ఎండనట్టేనా?

లోపలి పనిలో ఒక పొరపాటు చేశాను. గాడికి, గుంటకు, బట్ ప్లేట్ ముఖానికి ఎపాక్సీ రాశాను, వెనక యాక్షన్ స్క్రూ రంధ్రం మరిచిపోయాను. బిగించాక గుర్తొచ్చింది.

తడిలెక్క:
వాసన వస్తోందంటే లోతున ఇంకా పని జరుగుతోంది. గాలి ఆడే చోట మరో రెండు వారాలు నిలబెట్టండి, సంచిలో పెట్టకండి. స్క్రూ రంధ్రం చిన్నదే కానీ అక్కడ పోగు మొనలు ఉన్నాయి, పైగా తుపాకీ శుభ్రం చేసే నూనె అంతా అటే జారుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ చోట చెక్క నల్లబడి మెత్తబడుతుంది. స్క్రూ విప్పి, చెవిలో పెట్టుకునే దూది పుల్లకు ఎపాక్సీ అద్ది రంధ్రంలో తిప్పండి. అయిదు నిమిషాల పని.

గాడిలో చెక్క ఎక్కడైనా బారెల్‌కు తగులుతోందేమో చూడటానికి ఒక మందపాటి కాగితం చీలిక తీసుకోండి. బారెల్ కింద నుంచి యాక్షన్ దాకా జరపండి. ఎక్కడ ఆగిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ముసురు పట్టిన వారంలో ఒకసారి, పొడి వాతావరణంలో ఒకసారి చూడండి.

చిత్రికపట్టు:
స్క్రూ రంధ్రం పూర్తి చేశాను. నిన్నటితో తొమ్మిది రోజులు ఎడతెగని వాన. కాగితం చీలిక ఎండాకాలంలో పోయినట్టే ఇప్పుడూ బారెల్ కింద చివరిదాకా జారిపోయింది, ఒక్క చోట ఎడమ వైపు కాస్త బిగువుగా ఉంది తప్ప. అక్కడ 2 అంగుళాల మేర గీకి మళ్ళీ ఎపాక్సీ రాయాలా, ఇంకో కాలం చూడాలా?

పాతరంపం:
బిగువు అంటే కాగితం ఆగిందా, రాసుకుంటూ పోయిందా?

చిత్రికపట్టు:
రాసుకుంటూ పోయింది.

పాతరంపం:
అయితే ముట్టుకోకండి. పెన్సిల్ గుర్తు చెరపకండి. ఎండలు వచ్చాక అదే చీలికతో మళ్ళీ చూసి ఇక్కడే రాయండి.